ముక్కు కొసన పొక్కు

కంటి ఆసుపత్రి నుంచి నాచారంలోని ఇంటికి వచ్చేదాకా మనస్విని పళ్లు బిగించుకునే ఉంది. గడప దాటగానే తల్లి మీద విరుచుకుపడింది.

"సర్పి లేస్తే మొఖానికి ఎర్రమట్టి పూస్తరా అమ్మా? నాలుగు రోజులు పూసుకుంట కూసుంటరా? ఎడమ కన్ను పోయినట్టే అన్నడు డాక్టరు."

తండ్రి కనకరాజు కంటికి కట్టుతో మంచం మీద కూర్చున్నాడు. ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు లేత్ మిషను మీద పనిచేసిన మనిషి. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినప్పుడు ఒంట్లో దూరిన వైరస్సే అది. ఇన్నాళ్లూ నరంలో ముడుచుకుని పడుకుని ఇప్పుడు లేచింది.

ఆ జాతి వైరస్ మీదే ఉప్పల్‌లోని ల్యాబులో మనస్విని మూడేళ్లుగా పీహెచ్‌డీ చేస్తోంది. కణం కేంద్రకంలోకి దూరాక అది ముందు ఏ జన్యువులను చదివిస్తుందో, ఎన్నో గంటకు తన డీఎన్‌ఏకి నకళ్లు తీయిస్తుందో, పైపెంకులు ఎప్పుడు కట్టిస్తుందో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. మందు అడ్డుకునేది ఆ నకళ్లనే. అందుకే మొదటి మూడు రోజుల్లోనే వేయాలి. ఆ మూడు రోజుల్నీ వీళ్లు చేతులారా పోగొట్టారు.

"చదువుకున్న బిడ్డ పది నిమిషాల దూరంల ఉంటే, ఒక్క ఫోన్ జెయ్యనీకి ఏమైంది మీకు?"

వెంకటనర్సమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. ఆమె గొంతు పెంచలేదు.

"శుక్రారం పొద్దుగాల్నే జేసిన. నొసట పొక్కులు లేసినయ్, ముక్కు కొసకు గూడ ఒకటుందని చెప్పిన. నువ్వే వేడికి లేసినయేమో, ల్యాబుల రెండు గంటలకోపారి ప్లేట్లు తియ్యాలె, ఇడిసిపెట్టి రానీకి కాదు, సోమారం వస్తా అన్నవ్. ఇంకెవల్ని అడగాలె?"

ముక్కు కొసకూ కంటికీ ఒకటే నరం, అక్కడ పొక్కు లేస్తే కన్ను ప్రమాదంలో పడ్డట్టే అని జూనియర్లకు పాఠం చెప్పేది మనస్వినే. ఆ రోజు ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, గ్లవ్స్ చేతులతో కణాలు పెంచే ప్లేట్లు తీస్తూ అంతా విన్నది. విని, "ఊ" అన్నది. ఆమెకు ఒళ్లు మండిపోయింది, ఈసారి తన మీదే.

బ్యాగులోంచి ల్యాబు పుస్తకం తీసింది. శుక్రవారం పేజీలో రెండు గంటలకోసారి రాసిన లెక్క ఒక్కటి కూడా తప్పిపోలేదు. ఆ పేజీ పట్టుకుని చింపబోయింది.

"చింపకు బిడ్డా," అన్నాడు కనకరాజు, ఉన్న ఒక్క కంటితో చూస్తూ. "గదన్న మిగలనియ్."