బ్యాగుల బెంచీ

లెక్కల మాస్టారికి టైంటేబుల్ లేనిదే ముద్ద దిగదు. బడిలో ముప్ఫై రెండు సెక్షన్లకు పీరియడ్లు పంచిపెట్టే మనిషి, ఇంట్లో ఐదుగురు ఒక్క రోజు థీమ్ పార్కుకు వెళ్ళాలంటే ఊరుకుంటాడా? ఆదివారం పొద్దున్నే టిఫిన్ ప్లేట్లు తీయించి, బల్ల మీద తెల్ల చార్టు పరిచాడు. నాలుగు రంగుల పెన్నులు, ఒక స్కేలు పక్కన పెట్టుకున్నాడు. ఇక బెల్లు కొట్టడమే తరువాయి.

బల్లకు ఓ మూల కూర్చుని కర్టెను అంచుకు చేతికుట్టు వేస్తున్నది ఆయన అక్క. వీధిలో అందరికీ ఆవిడ కర్టెన్లక్క. ముందుగదిలో మిషను పెట్టుకుని ఇళ్ళకూ ఆఫీసులకూ కర్టెన్లు కుట్టి ఇస్తుంది. తమ్ముడికన్నా పదమూడేళ్ళు పెద్దది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని మాత్రం అడగకండి, చెప్పీ చెప్పీ ఆవిడకే విసుగొచ్చింది. తమ్ముడికి పెళ్ళయినా, ఇద్దరు ఆడపిల్లలు పుట్టినా, ఈ ఇంట్లోనే వీళ్ళతోనే ఉండిపోయింది.

"శనివారం ఇసకేస్తే రాలనంత జనముంటారు," మొదలుపెట్టాడు మాస్టారు. "తొమ్మిదిన్నరకి గేట్లు తీస్తారు. మనం తొమ్మిదికల్లా అక్కడుండాలి. లోపలికి వెళ్ళగానే జనమంతా కుడివైపుకి పరిగెడతారు. మనం ఎడమవైపుకి. ముందు కొండచిలువ ఎక్కేయాలి. పొద్దున్నే అయితే క్యూ ఇరవై నిమిషాలు, మధ్యాహ్నమైతే రెండు గంటలు."

కొండచిలువంటే ఆ పార్కులో అన్నిటికన్నా పెద్ద రోలర్ కోస్టర్. మనిషిని రెండుసార్లు తలకిందులు చేసి గానీ వదలదట.

"నాన్నా, ఆలస్యంగా వస్తే బెంచీ ఎక్కిస్తావా?" అంది పదో తరగతి చదివే పెద్దమ్మాయి. మాస్టారు వినిపించుకోలేదు.

మాస్టారి భార్య, అంటే అక్కకు మరదలు, పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది. అందుకని ఆవిడ చూపెప్పుడూ నోటి మీదే. "తిన్న గంట దాకా ఎవరినీ ఏదీ ఎక్కనివ్వను. మీరు కక్కితే కడిగేదాన్ని నేనే," అని చెప్పేసింది. సరేనని మాస్టారు భోజనానికి ఒక పీరియడ్, అరగడానికి ఒక పీరియడ్ వేశాడు.

చార్టు తయారైంది. నిలువునా టైములు, అడ్డంగా ఐదుగురి పేర్లు. ఎక్కాల్సినవి తొమ్మిది సవారీలు. నలుగురి కింద సవారీల పేర్లు ఎర్రగా, నీలంగా కళకళలాడుతున్నాయి. అక్క పేరు కింద తొమ్మిది గళ్ళలోనూ ఆకుపచ్చ సిరాతో ఒకటే మాట. 'బెంచీ.' బెంచీ అంటే బ్యాగులు, నీళ్ళ సీసాలు, విప్పిన చెప్పులు, సగం తిన్న చిప్సు పొట్లాలు. వాటి పక్కన ఆవిడ.

ఇందులో ఎవరి తప్పూ లేదు, మొదటి తప్పు ఆవిడదే. ముప్ఫై నాలుగేళ్ళ కిందట పన్నెండేళ్ళ తమ్ముణ్ణి ఎగ్జిబిషన్‌కు తీసుకెళ్ళింది. జెయింట్ వీల్‌కు రెండు టిక్కెట్లు కొంది, ఒకటి వాడికి, ఒకటి తనకు. అంతలో వాడి క్లాసువాడొకడు ఊడిపడ్డాడు. తమ్ముడు వాడి వైపు ఒకసారి, అక్క వైపు ఒకసారి చూశాడు. ఆ చూపు చూస్తే రాయైనా కరుగుతుంది. "నాకు కళ్ళు తిరుగుతాయిరా, మీరిద్దరూ ఎక్కండి," అనేసింది. ఏనాడూ ఆవిడకు కళ్ళు తిరిగింది లేదు. అబద్ధానికి ఆయుష్షు తక్కువంటారు గానీ, అవన్నీ ఉత్తి మాటలు. ఈ అబద్ధం నిక్షేపంగా పెరిగి పెద్దదై ఇంటి సభ్యురాలైంది. మరదలు కాపురానికి వచ్చిన వారానికే దాన్ని నమ్మింది. పిల్లలు పుడుతూనే నమ్మారు.

పెద్దమ్మాయి ఫోనులో నిబంధనలు చదువుతోంది. "కొండచిలువ. గుండెజబ్బు ఉన్నవాళ్ళు ఎక్కరాదు. నాలుగడుగుల లోపు పిల్లలు ఎక్కరాదు..."

"నేను నాలుగడుగుల రెండంగుళాలు!" అని కుర్చీ ఎక్కి నిలబడింది తొమ్మిదేళ్ళ చిన్నది.

"...అరవై ఏళ్ళు నిండినవాళ్ళు ఎక్కరాదు."

అక్క చేతిలో సూది ఆగింది. వచ్చే నెల పదో తారీకుకు ఆవిడకు అరవై నిండుతాయి. ఇన్నేళ్ళూ కింద బెంచీ మీద కూర్చుని, పైన కేకలు వింటూ, ఎప్పుడో ఒకసారి ఎక్కకపోతానా అనుకుంటూ వచ్చింది. ఆ ఎప్పుడో అన్నది ఈ శనివారమే. ఇది దాటితే ఇక లేదు.

అడగందే అమ్మైనా పెట్టదు కదా. గొంతు సవరించుకుని, "ఈసారి కొండచిలువ నేనూ ఎక్కుతా," అంది.

నలుగురూ నవ్వారు. వెక్కిరింపేం కాదు, ప్రేమగానే నవ్వారు. అదే వచ్చిన చిక్కు.

"అత్తా! నీకు కళ్ళు తిరుగుతాయి కదా!" అంది చిన్నది.

"ఎందుకు వదినా అంత అవస్థ? హాయిగా నీడలో కూర్చోండి, మీకు మంచి దిండు తెస్తాను," అంది మరదలు.

ఆవిడ కర్టెను చుట్టుకుని ముందుగదిలోకి వెళ్ళిపోయింది. మిషను ముందు కూర్చుంటే ఏడుపొచ్చింది. అరవై మీదకొస్తూ రోలర్ కోస్టర్ కోసం ఏడవడమేమిటని సిగ్గు కూడా వేసింది. సిగ్గేసినా ఏడుపు ఆగలేదు.

కాసేపటికి మాస్టారు చార్టుతో సహా వచ్చాడు. "అక్కా, బెంచీ ఫౌంటెన్ దగ్గర కావాలా, టిక్కెట్ల కౌంటరు దగ్గరా? ఫౌంటెన్ దగ్గరైతే..."

"నాకు కళ్ళు తిరగవురా."

మాస్టారు చార్టు కిందికి దించాడు.

"ఎప్పుడూ తిరగలేదు. ఆ రోజు నీ స్నేహితుడొచ్చాడని అలా అన్నాను. నాకు కొండచిలువ ఎక్కాలనుంది. వచ్చే నెలైతే ఎక్కనివ్వరు." ఒక్క గుక్కలో చెప్పేసి, ఇక వాడు బాధపడతాడేమోనని భయపడింది. పాపం, తన కోసమే అక్క ఇన్నేళ్ళు మానుకుందని తెలిస్తే తట్టుకుంటాడా?

మాస్టారు స్టూలు మీద కూర్చున్నాడు. చార్టును గుండ్రంగా చుట్టాడు, విప్పాడు, మళ్ళీ చుట్టాడు.

"తెలుసక్కా," అన్నాడు.

"ఏం తెలుసు?"

"ఆరేళ్ళ కిందట ఏదో పని మీద బ్యాంకుకి వెళ్ళా. హాల్లో నువ్వు నిచ్చెన మీదున్నావు. ఆ పెద్ద కిటికీకి కర్టెను తగిలిస్తున్నావు. రెండంతస్తుల ఎత్తు. ఒక చేత్తో రాడ్డు పట్టుకుని, కిందున్న వాచ్‌మన్‌తో జోకులేస్తున్నావు."

అది నిజమే. కర్టెన్లు తగిలించడానికి ఎవరో ఫిట్టరు వస్తాడని ఇంట్లోవాళ్ళ నమ్మకం. ఆ ఫిట్టరు మానేసి పదేళ్ళయింది. ఎవరూ అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

"మరి నన్ను పిలవలేదేం?"

"పిలుద్దామనుకున్నా. సాయంత్రం ఇంటికొచ్చి అడుగుదామనుకున్నా. వచ్చేసరికి నువ్వు మన ఎగ్జిబిషన్ ప్రయాణానికి బ్యాగులు సర్దుతున్నావు." మాస్టారు తల ఎత్తలేదు. "అడిగితే బ్యాగులు మాలో ఎవరో ఒకరు చూడాలి కదా. అందుకని అడగలేదు. తర్వాత అడగడానికి మొహం చెల్లలేదు."

ఆవిడకు కోపం రావడానికి కొంచెం టైం పట్టింది. ఇన్నాళ్ళూ తానేదో దానం చేస్తున్నానని అనుకుంది. తీసుకునేవాడికి అది అలవాటు.

"ఒక్క మాట అడిగుండాల్సిందిరా," అంది. "'అక్కా, ఈసారికి మా బ్యాగులు చూడవా' అని నోరు తెరిచి అడిగుంటే నేనే చూసేదాన్ని. అరవై కాదు, డెబ్బై దాకా చూసేదాన్ని."

మాస్టారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ ఓదార్చలేదు. చిన్నప్పటి నుంచీ వాడి కన్ను చెమరిస్తే కొంగు అందించిన మనిషి, ఈసారి కూర్చున్న చోటు నుంచి కదల్లేదు.

మాస్టారే లేచి బల్ల దగ్గరికి వెళ్ళాడు. బోర్డు మీద లెక్క తప్పు చేసి పిల్లల ముందు ఒప్పుకునే గొంతుతో ఉన్నదంతా చెప్పాడు. "ఆరేళ్ళా నాన్నా?" అంది పెద్దమ్మాయి. చిన్నది అత్త దగ్గరికి పరిగెత్తి, "నువ్వు నా పక్కనే కూర్చోవాలి, ఇప్పుడే చెప్తున్నా," అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

మాస్టారు అక్క వరసలో మొదటి గడి కొట్టేసి 'కొండచిలువ' అని రాశాడు. తన వరసలో అదే గడి కొట్టేసి 'బెంచీ' అని రాసుకున్నాడు. "ఇదిగో అక్కా. పొద్దున్నే, అందరికన్నా ముందు. సరేనా?"

ఆవిడ పెన్ను అడిగి తీసుకుంది. తన పేరు కింద రెండో గడిలో బెంచీ కొట్టేసి ఎదురుగా ఉన్న సవారీ పేరు రాసింది. తర్వాత మూడోది. తర్వాత నాలుగోది. గుండ్రటి అక్షరాలు, తొందరేం లేకుండా.

"అన్నీనా అక్కా?" అన్నాడు మాస్టారు.

"సాయంత్రం ఆరు దాకా, అన్నీ," అంది ఆవిడ.

మాస్టారు ఆకుపచ్చ పెన్ను తీసుకుని, తన పేరు కింద మిగిలిన ఎనిమిది గళ్ళలోనూ 'బెంచీ' అని తనే రాసుకున్నాడు.