ఆకలితో పాకింది

పొద్దున్నే ఇంట్లో అత్తగారికి, భర్తకి, మరిదికి కూరలోకి దుంపలు చెక్కు తీసి, పదింటికల్లా ల్యాబ్‌లో బూజుకి మేత కోసం మళ్లీ దుంపలు చెక్కు తీయడం నాగవేణికి పంతొమ్మిదేళ్ల అలవాటు. తీర్థహళ్లి చుట్టుపక్కల తోటల్లో వక్కచెట్ల వేళ్లు కుళ్లబెడుతున్న బూజు అది. అదేం తిని బతుకుతుందో తెలిస్తే దాన్నెలా ఆపాలో తెలుస్తుందని పరిశోధన.

ఈసారి ఒక్కో సీసాలో ఒక్కో పోషకం మానేసి పెంచారు. ఒకదాంట్లో చక్కెర లేదు, ఒకదాంట్లో నత్రజని లేదు, ఒకదాంట్లో బి1 విటమిన్ లేదు. ఏది లేకపోతే నువ్వేమైపోతావని ఒక ప్రాణిని ఇంత ఓపిగ్గా అడగడం ఆమె ఇంకెక్కడా చూడలేదు.

ల్యాబ్ పెద్ద డాక్టర్ మంజప్ప బి1 లేని సీసాను వెలుగుకు పట్టుకున్నాడు. "చూడమ్మా, పైనంతా తెల్లగా పరుచుకుంది. దీనికి బి1 అక్కర్లేదు. రాసేయ్."

"పైకి చూస్తే చాలదు సార్. వడగట్టి, ఎండబెట్టి తూచాలి."

"వంటింటి తూకాలు ఇక్కడా మొదలెట్టావా?" అంటే చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. చురుక్కుమంది. అయినా మర్నాడు తూచింది. అన్ని పోషకాలూ వేసిన సీసాలోని బూజుతో పోలిస్తే దీని బరువు పావువంతు కూడా లేదు.

మంజప్ప తల గోక్కున్నాడు. "అయితే ఇది బలిసి పాకలేదన్నమాట. ఆకలితో పాకింది."

నాగవేణి ఆ మాట తూకాల కాగితం మీద రాసుకుంది. "మా కోడలు ఇల్లంతా తనే అయి తిరుగుతుంది" అని అత్తగారు వచ్చినవాళ్లందరితో మురిసిపోతుంటుంది. తిరిగే ఆ కాళ్లే ఆర్నెల్లుగా తిమ్మిరెక్కుతున్నాయి. పోయిన నెల డాక్టరమ్మ "రోజూ ఏం తింటావు?" అంటే, భర్త శ్రీపతికి ఏది ఇష్టమో, అత్తగారికి ఏది పడదో గడగడా చెప్పుకుపోయింది. "నిన్నమ్మా, నిన్నే అడుగుతున్నా" అందావిడ. అందరూ లేచాక గిన్నె అడుగున మిగిలిందేదో మజ్జిగలో కలుపుకుంటుంది. దానికి పేరేమని చెప్తుంది? ఆవిడ బి1 మాత్రలు రాసి, ముందు కడుపునిండా తినమంది. "మా ఇంట్లో తిండికి లోటేమిటండీ!" అని శ్రీపతి నొచ్చుకున్నాడు. అదంతా తలచుకుంటే నాగవేణికి తన మీద తనకే జాలేసింది. ఆ వెనకే పట్టరాని కోపం వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం ఎప్పుడూ మూడు ఆకులు వేసే చోట నాలుగు వేసింది. అన్నం, పప్పు, మజ్జిగలో ఆకు నూరి కలిపిన తంబుళి మధ్యలో పెట్టి నాలుగో ఆకు ముందు తనే కూచుంది.

"మగాళ్ల తిండి కాకుండానే కూచున్నావేమే?" అంది అత్తగారు.

శ్రీపతి నవ్వబోయాడు. "నువ్వు కూచుంటే మాకు వడ్డించేదెవరు?"

నాగవేణి తన ఆకులో నిండుగా పప్పు వేసుకుని, గరిటె అతని వైపు తిప్పి పెట్టింది.

"నాకు ఆకలేస్తోందండీ," అంది.

ఇరవై రెండేళ్ల కాపురంలో ఆ ఇంట్లో ఆమె ఆ మాట అనడం అదే మొదటిసారి.