గురువారం వాన

మార్లీన్ బోద్నార్ కిటికీ అద్దం పక్కకు జరిపి చెయ్యి బయట పెట్టింది. కాటా మీద ఆగిన లారీలోంచి డ్రైవరు ఆ చేతికేసే చూస్తున్నాడు. తెర మీద అంకెలు కుదురుకునేదాకా అరచెయ్యి అలాగే నిలబడింది. కుదురుకోగానే ఇక పొమ్మన్నట్టు ఊగింది. లారీ గోధుమలు దించడానికి గిడ్డంగిలోకి వెళ్ళింది. ఖాళీగా తిరిగొచ్చాక మళ్ళీ తూచాలి. నిండు బండికీ ఖాళీ బండికీ మధ్య తేడాయే రైతు పంట.

హార్లో ఊళ్ళో ఆ చెయ్యి తెలియని రైతు లేడు. ఎర్రగా, ఉబ్బుగా, మణికట్టు దగ్గర మడత పడి, ఉంగరం లేని చెయ్యి. దాని వెనకాల మనిషి ఎంత ఉంటుందో మాత్రం చాలామందికి సరిగ్గా తెలియదు. తెలియకుండా ఆమే జాగ్రత్త పడింది. పొద్దున అందరికంటే ముందు వస్తుంది, సాయంత్రం ఆఖరి బండి వెళ్ళాక గానీ లేవదు. ఇరవయ్యేళ్ళ పైచిలుకు ఇదే వరస. ఆమె పుట్టుకతోనే కుర్చీలో కూర్చుని ఉందని కొత్త డ్రైవర్లు ఎవరైనా అనుకుంటే తప్పు వాళ్ళది కాదు.

ఆ కుర్చీకి ఒక కథ ఉంది. మామూలు కుర్చీలు వరసగా విరిగిపోతుంటే మేనేజరు గార్త్ ఇనప గొట్టాలు తెప్పించి షెడ్డులో ఒకటి వెల్డింగు చేయించాడు. దానికి చేతులు లేవు, వెడల్పుగా ఉంది, నాలుగు కాళ్ళూ ట్రాక్టరు భాగాల్లా ఉన్నాయి. "ఇది గనక విరిగిందంటే గిడ్డంగే కూలినట్టు లెక్క!" అని నవ్వాడు. పాపం, అతను ప్రేమగానే అన్నాడు. ఆ నవ్వు మాత్రం ఆమెకు వారం రోజులు ముద్ద దిగనివ్వలేదు. కుర్చీ హాయిగానే ఉంది. ఏళ్ళు గడిచేసరికి దాని మెత్త నడుమ గుంట పడి ఆమె ఆకారం తెచ్చుకుంది.

ఆ రోజు సోమవారం. కోతలు ముమ్మరంగా ఉన్నాయి. ఈ వారమంతా ఎండేననీ, చుక్క వాన పడదనీ రేడియో పొద్దుటినుంచి చెబుతోంది. రైతులందరి మొహాలూ వెలుగుతున్నాయి. మార్లీన్ మాత్రం రేడియో గొంతు తగ్గించేసింది.

గురువారం పొద్దున రెజైనా పట్నంలోని ఆసుపత్రిలో ఆమెకు ఆపరేషను. కడుపు కోసి చిన్నది చేస్తారు. ఏడాదిన్నరగా దానికోసం ఎదురుచూసింది. ఒంటరిగా ఉండేవాళ్ళకు వెంట వచ్చి, ఇంటికి తీసుకెళ్ళి, నాలుగు రోజులు తోడుండే మనిషి ఉండాలన్నది ఆసుపత్రి నియమం. పిన్ని కూతురు డొలోరెస్ వస్తానంది. నిన్న సాయంత్రం ఆ మహాతల్లి మెట్ల మీద జారి చీలమండ విరగ్గొట్టుకుంది. ఈ సాయంత్రం ఊళ్ళోని క్లినిక్ మూసేలోగా ఇంకో పేరు చెప్పకపోతే ఆ తేదీ వేరేవాళ్ళకు పోతుంది.

ఒక్క పేరు. ఊళ్ళో ప్రతి రైతు పేరూ, వాడి బండి రంగూ, వాడి తండ్రి బండి రంగూ ఆమెకు తెలుసు. అందులో ఒక్కటీ నోటికి రావడం లేదు.

కోతల్లో ఎవరూ ఎవరినీ ఏదీ అడగరు. అది ఆ ఊరి మర్యాద. పెళ్ళిళ్ళు పెట్టుకోరు, పళ్ళు పీకించుకోరు. ఒక్క సందర్భంలోనే మినహాయింపు. పొలం ఉన్నవాడు మంచాన పడితే ఊరంతా తమ కోతమిషన్లు తోలుకొచ్చి ఒక్క రోజులో వాడి పంట ఇంటికి చేరుస్తారు. రైతు ఎమిల్ స్టాద్నిక్ భార్య వెర్నా అదే రెజైనా ఆసుపత్రిలో ఉన్నప్పుడు అలాగే చేశారు. ఆ రోజు చీకటి పడేదాకా ఎమిల్ పేరు మీద వచ్చిన బండ్లన్నీ తూచింది మార్లీనే. మరి ఆమెకు పొలం ఏది? వచ్చి కొయ్యడానికి ఆమెకేం పంట ఉంది? కోతమిషను వేసుకుని వచ్చి చేసే సాయమైతే ఊరికి తెలుసు. పక్కన కూర్చునే సాయం ఎలా అడగాలో ఆమెకే తెలియదు.

మధ్యాహ్నం గార్త్ ఏవో కాగితాల కోసం లోపలికొచ్చాడు. ఆమె గొంతు సవరించుకుంది.

"గార్త్, గురువారం నాకు సెలవు చెప్పాను కదా..."

"ఆ, ఆ, గుర్తుంది. ఎలాగో నేనే కూర్చుంటాలే. కోతల్లో సెలవేంటి తల్లీ నీకు, హనీమూనా?" అని అతను తన మాటకు తనే నవ్వుకున్నాడు. జేబులో ఫోను మోగింది. "కోతలయ్యాక తీరిగ్గా మాట్లాడుకుందాం" అంటూ వెళ్ళిపోయాడు.

మార్లీన్ సీసా మూత తిప్పి చిక్కటి తెల్లటి పానీయం గుక్కగుక్కగా తాగింది. రెండు వారాలుగా అదే తిండి. ఆపరేషనుకు ముందు కాలేయం చిన్నదవ్వాలట. గోడవార ఫ్రిజ్జులో ఎమిల్ ఇచ్చిన ఐస్‌క్రీం బకెట్టు ఉంది. నిండా పెరోగీలు, బంగాళదుంప కూరిన కజ్జికాయల్లాంటివి. వెర్నా పోయాక కూడా ముసలాయన ఏటా కోతల్లో తన చేత్తో చేసి తెస్తాడు. మర్నాటికల్లా కడిగిన బకెట్టు కిటికీలోంచి ఇచ్చెయ్యడం ఆమె అలవాటు. ఈసారి వారమైనా ఇవ్వలేదు. తినలేదని చెప్పాలంటే ఎందుకు తినలేదో చెప్పాలి కదా.

సంగతి తెలిసింది డొలోరెస్‌కీ, డాక్టర్ ఎబెరెకీ. అంతే.

డాక్టర్ ఎబెరె కంటే ముందు ఆ క్లినిక్‌లో ఒక పెద్దాయన ఉండేవాడు. చెవిపోటని వెళ్ళినా, దగ్గని వెళ్ళినా "తిండి తగ్గించు" అనేవాడు. ఒకసారి క్లినిక్ తూకపు యంత్రం ఆమెను తూచలేక ముల్లు చివరికంటా వెళ్ళి ఆగిపోయింది. "నీ దగ్గరే పెద్ద కాటా ఉందిగా, అక్కడ చూసుకుని చెప్పు!" అన్నాడాయన. వేళాకోళమని ఆమెకు తట్టలేదు. డాక్టరు చెప్పాడు కదా అని, ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక లారీలు నిలబడే ఇనప పలక మీద ఒక్కతే నిలబడి, కిటికీలోంచి తెర కేసి మెడ సాచి చూసింది. మర్నాడు ఆ అంకె చెబితే ఆయన పడీ పడీ నవ్వాడు. ఆమెకు తలకాయ తీసేసినట్టయింది. మళ్ళీ ఎన్నో ఏళ్ళు ఆ గుమ్మం తొక్కలేదు.

కాళ్ళు వాచి బూట్లు పట్టనప్పుడు గానీ తిరిగి వెళ్ళలేదు. అప్పటికి నైజీరియా నుంచి ఎబెరె వచ్చి ఉంది. వేచి ఉండే గదిలో చేతుల్లేని వెడల్పాటి కుర్చీ ఒకటి ఉంది. తూకపు యంత్రం అందరికీ దూరంగా, తలుపేసుకునే గదిలో ఉంది. కాళ్ళు చూసి, మందు రాసి, అప్పుడడిగింది ఆ డాక్టరు: "మీ బరువు గురించి ఈరోజు మాట్లాడుకుందామా, వద్దా? మీ ఇష్టం."

మీ ఇష్టం! యాభయ్యారేళ్ళ బతుకులో ఆ మాట అడిగినవాళ్ళు లేరు. మార్లీన్ భోరున ఏడ్చింది.

"ఇది జబ్బండీ, సోమరితనం కాదు" అంది ఎబెరె. ఆ తర్వాత నెలనెలా ఉన్నదున్నట్టు చెప్పింది. ఆపరేషను దొడ్డిదారి కాదు, మంత్రమూ కాదు. ప్రమాదం కొంచెం ఉంటుంది. బతికున్నన్నాళ్ళూ విటమిన్లు వేసుకోవాలి, రక్తపరీక్షలు చేయించుకోవాలి. కొందరికి బరువు కొంత తిరిగి వస్తుంది. వద్దనుకుంటే వేరే మందులున్నాయి, అదీ వద్దనుకుంటే షుగరుకూ మోకాళ్ళకూ వైద్యం ఆగదు. "ఏది ఎంచుకున్నా నేనిక్కడే ఉంటాను" అంది. మార్లీన్‌కు బల్ల మీదే చచ్చిపోతానేమోనని భయంగా ఉంది. ఇలాగే, ఈ కిటికీ వెనకాలే ఉండిపోతానేమోనన్న భయం అంతకంటే పెద్దది.

బండ్లు పలచబడ్డాక ఫోను తీసింది.

"డాక్టరమ్మా, తేదీ వేరేవాళ్ళకు ఇచ్చేయమనండి. ఎవరూ దొరకలేదు."

ఎబెరె అడిగింది: "ఎవరెవరిని అడిగారు?"

మార్లీన్ సీసా మూత తిప్పి మళ్ళీ బిగించింది.

"నోరు తెరిచి అడిగారా? లేక మనసులోనే అడిగేసి, వాళ్ళ బదులు మీరే కాదనేసుకున్నారా?"

"కోతలమ్మా ఇవి. మీకు తెలియదు."

"నిజమే, తెలియదు. నేనే వద్దామా అనిపిస్తోంది. కానీ రేపటి నుంచి ఏళ్ళ తరబడి మీకు నేను డాక్టరుగా కావాలి, ఆ పని చెడగొట్టుకోను. ఒక్కరిని, ఒక్కరినే పైకి అడగండి. కాదంటే ఇంకో తేదీ కోసం నేనే ఆసుపత్రితో పోట్లాడతాను. ఆరింటిదాకా ఉంటాను."

ఫోను పెట్టేసేసరికి ఎమిల్ ఎర్ర బండి ఖాళీ అయి తిరిగొచ్చి కాటా మీద ఆగింది. అదే ఆఖరి బండి. అంకెలు కుదురుకున్నాయి. చెయ్యి ఊపితే సరి, వెళ్ళిపోతాడు.

మార్లీన్ చెయ్యి ఊపలేదు. బల్ల పట్టుకుని లేచింది. తలుపు తీసి, ఇనప మెట్లు ఒక్కొక్కటీ పక్కకు తిరిగి దిగింది. మోకాళ్ళు కలుక్కుమంటున్నాయి. చూడబోతే ఎమిల్ అప్పటికే బండి దిగి పలక పక్కన నేల మీద నిలబడ్డాడు. ఆమెను ఆరుబయట చూడటం ఆయనకు కొత్త. అయినా తేరిపార చూడలేదు. టోపీ వెనక్కి తోసుకున్నాడు.

"ఏమ్మా, నా బకెట్టు రాలేదేంటి? ఈసారి మాడాయా?"

"తినలేదు ఎమిల్. తినకూడదన్నారు." ఆమె లారీ పక్కన ఆ ఇనప పలక మీదే నిలబడి ఉంది. "గురువారం నాకు రెజైనాలో ఆపరేషను. కడుపుకి. లావు తగ్గడానికి. తోడు మనిషి కావాలట. పోవడానికీ, రావడానికీ, తర్వాత నాలుగు రోజులకీ. కోతలని తెలుసు. నాకు ఎవరూ లేరు. మీరు వస్తారా?"

అడిగేసింది. భూమి బద్దలవలేదు.

ఎమిల్ పడమటివైపు చూశాడు. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. ఆయన పొలం ఇంకా సగం కొయ్యాల్సి ఉందని ఆమెకు తెలుసు. తూచేది ఆమే కదా.

"గురువారం వాన అంటున్నారు" అన్నాడు.

"రేడియోలో ఎండేనని..."

"రేడియోవాళ్ళ మొహం. వాళ్ళకేం తెలుసు? తడి పొలంలోకి మిషను ఎలాగూ దిగదు. ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవడం దేనికి, వస్తాలే." టోపీ సర్దుకుని అన్నాడు: "ఆ ఆసుపత్రి దారి నాకు తెలుసు."

"నాలుగు రోజులు ఎమిల్. ఊళ్ళో ఏమనుకుంటారో..."

"కోతల్లో అనుకోవడానికి ఎవడికి తీరుబడి ఉంది? శుక్రవారం కూడా వానే. శనివారం తుంపరలు."

మార్లీన్‌కు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ముక్కు చీదుకుని, "బండెక్కండి" అంది. "నిండు బండి తూచినప్పుడు మీరు లోపలే ఉన్నారు. కింద నిలబడితే మీ బరువు కూడా గోధుమల్లో కలుస్తుంది."

"కలవనీ. ఒక్కసారికి కంపెనీ మునిగిపోదు."

"ఎక్కండంటుంటే!"

ఆయన ఎక్కాడు. ఆమె మెట్లెక్కి, కుర్చీలో కూర్చుని, ఆయాసం తీర్చుకుని, తూచి, చెయ్యి ఊపింది. ఆ తర్వాత క్లినిక్‌కు ఫోను చేసి పేరు చెప్పింది.

గురువారం తెల్లవారకముందే ఎమిల్ జీపు ఆమె గుమ్మం ముందు ఆగింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. ఊరు దాటుతుంటే అటూ ఇటూ పొలాల్లో మిషన్ల దీపాలు కదులుతున్నాయి. ఎమిల్ పొలం ఒక్కటే చీకటిగా ఉంది.

కాటా గదిలో ఆ రోజు గార్త్ కూర్చున్నాడు. రేడియో ఎండ గురించే చెబుతోంది. కిటికీలోంచి కొత్త చెయ్యి రావడం చూసి డ్రైవర్లు వంగి వంగి లోపలికి చూశారు.

"మార్లీన్ ఏదీ?"

"రెజైనా వెళ్ళింది."

"కోతల్లోనా? ఒంట్లో బాగానే ఉందా?"

గార్త్‌కు హనీమూనా అన్న తన మాట గుర్తొచ్చింది. ఆమె గురించి తనకు తెలిసిందెంతో లెక్క వేసుకుంటే మనసు చివుక్కుమంది. చెయ్యి ఊపి బండిని పంపించాడు.

అతను షెడ్డులోంచి ఒక ముక్కాలి పీట తెచ్చుకుని దాని మీదే కూర్చున్నాడు. ఇనప కుర్చీని జరపలేదు. అది కిటికీ వైపు తిరిగి ఎప్పటిచోటే ఉంది. దాని మెత్త మీద, గుంట పడినచోట, ముందురోజు మార్లీన్ కడిగి తుడిచి మూత పెట్టి ఉంచిన ఎమిల్ ఐస్‌క్రీం బకెట్టు ఉంది.