సుద్దబిళ్ల

దర్జీ తాతకి ముక్కు మీదే కోపం. వచ్చే నెల బడిలో చేరాల్సిన మనవరాలు పిడుగు, పెన్సిల్‌ని పిడికిట్లో బిగించి ‘అ’ రాయబోయి కాగితాలు చింపుతుంటే ఆయనకి ఒళ్లు మండిపోయింది.

“అది పెన్సిలా, రోకలా? వేళ్లతో పట్టుకోవే!”

పిడుగు మూతి ముడుచుకుని పెన్సిల్ విసిరేసింది.

“సరే, ఆ రాత గొడవ మనకొద్దు. నాకు బోలెడు పనుంది, వీటి మీద గీతలు గీసి కాస్త సాయం పట్టు,” అంటూ ఆయన గుడ్డ మీద గీతలు గీసే సుద్దబిళ్లనీ, కత్తిరించగా మిగిలిన నల్లగుడ్డ ముక్కల్నీ దాని ముందు పడేశాడు. ఆ బిళ్ల పల్చన. పిడికిట్లో పడితే గీత పడదు, మూడు వేళ్లతో పట్టాల్సిందే. పిడుగు కాసేపు తంటాలు పడింది. పట్టు కుదిరాక మాత్రం గీతలూ సున్నాలూ ఎడాపెడా గీసిపారేసింది. తాత ఓరకంట చూసి “ఊఁ” అన్నాడంతే. పొగిడితే నెత్తికెక్కుతుందని ఆయన భయం.

గుడ్డముక్కలు అయిపోయాయి. ఎదురుగా, మిషను మీదికి వంగి పనిలో మునిగిపోయిన తాత నల్లచొక్కా కనిపించింది.

సాయంత్రం ఆసుపత్రి డ్యూటీ నుంచి వచ్చిన కూతురు, టీకొట్టు నుంచి తిరిగొస్తున్న తాత వెనకే వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. “నాన్నా! వీపు మీద అంత ‘అ’ వేసుకుని టీకొట్టు దాకా వెళ్లొచ్చావా?”

వీధిలో అందరూ ఎందుకు నవ్వారో ఆయనకి అప్పుడర్థమైంది. కళ్లెర్రజేసి చూసేసరికి పిడుగు మిషను కింద దూరింది.

తాత కూతురికి వీపు తిప్పి నిలబడ్డాడు.

“గుండ్రంగా వచ్చిందా?”