బోడిగుట్ట మీదుగా

ఆదిశేషు దూదిని స్పిరిట్‌లో ముంచి టేపు మిషను హెడ్‌ను తుడిచాడు. దూదికి గోధుమరంగు పొడి అంటుకుంది. దాన్ని మడిచి శుభ్రంగా ఉన్న వైపుతో మళ్ళీ తుడిచాడు.

యూనివర్సిటీ లైబ్రరీ కింద, కిటికీ లేని గది అది. పైన చికాగో వీధుల్లో మంచు కురుస్తోందో ఆగిందో అక్కడ తెలియదు. తల మీదుగా పోయే ఆవిరి గొట్టాలు అప్పుడప్పుడు టక్కుమంటాయి. ఆదిశేషు కళ్ళజోడు పెట్టుకునే సన్నటి మనిషి. ఏళ్ళ తరబడి హెడ్‌ఫోన్లు ఒత్తుకుని చెవుల పైన జుట్టు పలచబడింది. టేపును ఆపడానికీ నడపడానికీ కాలితో పెడల్ తొక్కితొక్కి కుడి బూటు మడమ ఒకపక్కే అరిగింది.

ఆ గదిలో బీరువాల నిండా ఉన్నది ఉదయగిరి తాలూకా. వెలిగొండల కింద ఏ పల్లెలో ఏ బావి ఎండుతుంది, ఏ దారిన గొర్రెలు దిగుతాయి, ఎవరింటి ఆడబిడ్డను ఎక్కడికిచ్చారు, అన్నీ అక్కడి మనుషుల నోటివెంటే రీళ్ళలో ఉన్నాయి. యాభై తొమ్మిదిలో హాల్వర్‌సన్ ప్రొఫెసర్ ఆ తాలూకా మీద పుస్తకం రాయడానికి వచ్చినప్పుడు, ఉదయగిరి బడిలో ఇంగ్లీషు చెప్పే ఆదిశేషు ఆయనకు దుబాసీ. రీళ్ళన్నీ రాసిపెట్టడానికి రెండేళ్ళు రమ్మంటే ఇక్కడికి వచ్చాడు. పుస్తకం అచ్చయింది. ప్రొఫెసర్‌కి పేరొచ్చింది. తరవాత ఆయన ముసలివాడై చనిపోయాడు. ఆదిశేషు మాత్రం కింద గదిలోనే ఉండిపోయాడు. టేపుల మీద పూత రాలిపోతోందని, ముఖ్యమైనవి క్యాసెట్ల మీదికి ఎక్కించడం ఆదిశేషు ఆఖరి పని. అదీ అయిపోయింది. ఈరోజు మధ్యాహ్నం మిషన్లు తీసుకుపోవడానికి ట్రక్కు వస్తుంది.

ఒక్క రీలు మిగిలింది. అట్టపెట్టె మీద ప్రొఫెసర్ చేతిరాతతో 'ఇంటి మాటలు, అక్కర్లేదు' అని ఇంగ్లీషులో ఉంది. అది ఆదిశేషు అక్క పెంచలమ్మ గొంతు.

తల్లి పోయాక ఆయన్ని పెంచింది పెంచలమ్మే. ఆయన ఇక్కడికొచ్చిన నాలుగో ఏట, కరువులో, కాన్పు కష్టమై చనిపోయింది. టెలిగ్రామ్ అందేసరికి కర్మ కూడా జరిగిపోయింది. ఆ తరవాత ఆయన ఊరికి పోలేదు. మొదట సెలవు దొరకలేదు. తరవాత పోయి చూడవలసిన మనిషి లేదు. పెళ్ళి సంగతి ఎవరూ ఎత్తలేదు, ఆయనా ఎత్తుకోలేదు. ఆ రీలును మాత్రం ఏళ్ళుగా తాకలేదు. అంత పాతబడ్డ టేపు ఒక్కసారే పలుకుతుంది. పలుకుతూ పలుకుతూ రాలిపోతుంది.

భోజనం వేళ పై అంతస్తులో పనిచేసే శశికళ దిగి వచ్చింది. గుంటూరు పిల్ల, భర్త జగదీష్ ఇంజనీరు. వాళ్ళూ ఆదిశేషూ ఉండేది చికాగో శివారు అరోరాలోనే కాబట్టి చలికాలంలో ఆయన్ని తన కార్లో తీసుకెళ్తుంది.

"ఆదిశేషు గారూ, ఇండియా న్యూస్‌పేపర్లు వచ్చాయి. తాలూకాలు తీసేసి మండలాలు చేశారు కదా, మీ ఉదయగిరి కూడా ముక్కలైందట."

ఆయన పెరుగన్నం కలుపుతూనే ఉన్నాడు.

"అట్టనా? కొండ ఆడే ఉంటదిలేమ్మా."

"మీరు తినట్లేదు. హెల్త్ బాలేదా? డాక్టర్‌కి కాల్ చేయనా?"

"ఏం లేదు. పెట్టెలు మోసినా గదా, బుజం పట్టేసింది."

ఆమె వెళ్ళాక తలుపు వేసి రీలు ఎక్కించాడు. తను కొనుక్కొచ్చిన కొత్త క్యాసెట్ పక్క మిషన్లో పెట్టాడు. రెండూ తిరుగుతున్నాయని చూసుకుని హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టేశాడు. వినలేదు. గోడవైపు తిరిగి కూర్చుని, రికార్డవుతున్నట్టు చూపే ఎరుపు దీపం వెలుగుతోందా లేదా అని మాత్రం చూశాడు. రీలు అయిపోయేసరికి మిషను కింద గోధుమరంగు పొడి చిన్న కుప్పయింది. దాన్ని చేత్తో ఎత్తి ఎక్కడ వెయ్యాలో తెలియక, చాలాసేపు గుప్పిట్లోనే పెట్టుకున్నాడు.

ట్రక్కు వాళ్ళు చెప్పిన వేళకే వచ్చారు. గది పావుగంటలో ఖాళీ అయింది.

సాయంత్రం కారు హైవే ఎక్కాక ఆదిశేషు కోటు జేబులోంచి క్యాసెట్ తీశాడు.

"ఇది పెడతావా అమ్మా? ఒంటిగా ఇనబుద్ధి కాలా."

శశికళ క్యాసెట్‌ను కారు ప్లేయర్‌లోకి తోసింది. కాసేపు బరబర. తరవాత ఒక ఆడగొంతు, పెద్దగా, ధైర్యంగా.

"కొత్తపాళెంలో చద్ది తిని బయలెల్లితే వాగు కాడికి పొయ్యేలోపల సంకలో బిడ్డ ఒక నిద్ర తీస్తది. వాగు దాటితే బోడిగుట్ట. ఆడ గొర్రెల నరసయ్య మజ్జిగ పోస్తాడు. పెళ్ళాం చచ్చిపోయినాక ఎవురొచ్చినా కూసోమంటాడు, పాపం, మాట్టాడేదానికి."

ప్రొఫెసర్ ఇంగ్లీషులో ఏదో అడిగాడు. ఒక కుర్రగొంతు తెలుగులోకి మార్చింది.

"ఎంత దూరమని అడగతావుండాడక్కా."

"దూరమేందిరా? ఆడ్నించి తుమ్మలదిన్నెకి వక్కాకు రెండు మాట్లు నమలొచ్చు. ఎండైతే మూడు."

శశికళ నవ్వింది. "ఆ వాయిస్ మీదేనా?"

"నాదే. రెండు మైళ్ళని చెప్పినా దొరకి. పుస్తకంలో అట్నే అచ్చేసినాడు." ఆదిశేషు సీటుకు తల ఆనించాడు. "మా యక్క పుట్టింటికొచ్చే దారమ్మా ఇది. చానా దూరం. ఏటికి ఒక్కసారే వొచ్చేది."

మంచు అద్దానికి కొట్టుకుంటోంది. ముందు వెళ్తున్న కార్ల ఎర్రదీపాలు తప్ప ఏమీ కనిపించడం లేదు. టేపులో పెంచలమ్మ గుట్ట దిగింది. సాయిబుల బావిలో నీళ్ళు ఉప్పన అంది. తుమ్మలదిన్నెలో ఎవరి గొడ్డు ఈనిందో, ఎవరి కోడలు అలిగిపోయిందో చెప్పింది. శశికళ ఒకటి రెండు మాటలు అర్థంకాక అడగబోయి, పక్కకు చూసింది. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. అలసిపోయాడనుకుంది. సౌండ్ కొంచెం తగ్గించి, హీటర్ ఆయన వైపు తిప్పింది.

"ఇంక మన చేలగట్టు కనపడతాది," అంది పెంచలమ్మ. "అంతే. వొచ్చేసినట్టే. కాళ్ళు కడుక్కోని లోపలికి రాండి."

తరవాత బరబర. క్యాసెట్ దానంతటదే ఆగిపోయింది.

ఆదిశేషు ఉండే ఇంటి ముందు శశికళ కారు ఆపింది.

"ఆదిశేషు గారూ, ఇల్లొచ్చింది."

మళ్ళీ పిలిచింది. భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి అక్కడే ఉంచి, ఎదురుగా తెల్లబడుతున్న వీధిని చూస్తూ కొంతసేపు కదలకుండా కూర్చుంది. తరవాత దిగి, ఎవరినైనా పిలవడానికి పక్కింటి తలుపు దగ్గరికి నడిచింది.

మర్నాడు పొద్దున ఆదిశేషు శవాన్ని తీసుకోవడానికి ఆసుపత్రికి మళ్ళీ వెళ్ళాలని జగదీష్ శశికళ కారు అద్దం మీది మంచు గీకుతున్నాడు. శశికళ కారు తలుపు తీసింది. ముందు అద్దం కింద ఆదిశేషు కళ్ళజోడు మడిచి పెట్టి ఉంది. ఎప్పుడు తీసి పెట్టాడో ఆమె చూడలేదు. అద్దాలు రెండూ మంచు పట్టి తెల్లగా ఉన్నాయి.