నాకంటే అయిదేళ్ళు చిన్నది

పెళ్ళయిన యాభై ఒక్క ఏళ్ళలో మా ఆదిలక్ష్మితో జరిగిన ప్రతి వాదనలోనూ నేనే గెలిచాను. గొప్ప కోసం చెప్పడం లేదు. నా దగ్గర ఒక మాట ఉంది. "నీకేం తెలుసే, చిన్నదానివి. నీకంటే అయిదేళ్ళు పెద్దవాణ్ణి, నాకు తెలీదా?" అంటాను. అంతే, ఆవిడ నోరు మూసుకుని వంటింట్లోకి వెళ్ళిపోతుంది. బాపట్లలో మా ఇంటికి గుమ్మం ఎటు పెట్టాలన్న దగ్గర్నుంచి ఆవకాయలో మెంతిపిండి ఎంత పడాలన్న దాకా అన్నీ ఈ ఒక్క మాట మీదే తేలాయి. ఆ ఏడు ఆవకాయ చేదెక్కింది, అది వేరే సంగతి.

నిజానికి ఆవిడే నాకంటే రెండేళ్ళు పెద్దది.

సంబంధం కుదిర్చినప్పుడు పెద్దవాళ్ళు ఆ ముక్క దాచారు. పెళ్ళయిన నాలుగో ఏట మా అత్తగారు నోరు జారింది. నేను విననట్టు ఊరుకున్నాను. ఆధార్ కార్డులు రాసేవాళ్ళు మా వీధికి వచ్చిన రోజు మాత్రం, ఆవిడ నోరు తెరిచేలోపే, "మా ఆవిడకి నా వయసులోంచి అయిదు తీసేసి రాయండి" అన్నాను. మగాడన్నాక ఆ మాత్రం ముందుచూపు ఉండాలి.

ఇప్పుడు ఆవిడ మోకాళ్ళు అరిగిపోయాయి. ఆపరేషన్ చెయ్యకపోతే ఇంకో ఏడాదికి మంచం దిగలేదన్నారు. డెబ్భై నిండినవాళ్ళకి ప్రభుత్వం ఏడాదికి అయిదు లక్షల దాకా ఉచితంగా వైద్యం చేయిస్తోందని, పొలం ఉన్నా అడ్డం లేదని నా పేకాట నేస్తం జమలయ్య చెప్పాడు. నాకు డెబ్భై ఒకటి. ఇట్టే కార్డు ఇచ్చేశారు. నాకేమో చెప్పుకోవడానికి ఒక్క రోగమూ లేదు.

ఆవిణ్ణి తెనాలిలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాను. పథకం బల్ల దగ్గర స్నేహ అనే అమ్మాయి కూర్చుని ఉంది. ఆదిలక్ష్మి ఆధార్ చూసి పెదవి విరిచింది.

"అమ్మమ్మగారికి అరవై ఆరేనండి తాతగారూ. ఇంకో నాలుగేళ్ళు ఆగాలి."

"నాలుగు మెట్లే ఎక్కలేకపోతోంది, నాలుగేళ్ళేంటమ్మా? నా కార్డు ఉందిగా, దాని మీద చేసెయ్యండి."

"మీ కార్డు మీకేనండి."

"అర్ధాంగి అంటే ఏంటి? నా ఒంట్లో సగం. పోనీ రెండు మోకాళ్ళూ వద్దు. నా సగంలోకి వచ్చే ఒక్క మోకాలు చెయ్యండి."

ఆ పిల్ల నవ్వాపుకోవడానికి కాస్త నీళ్ళు తాగింది. "కుదరదండి. ఆధార్లో ఉన్న వయసే లెక్క. అది తప్పయితే రుజువు చూపించి దిద్దించుకోవచ్చు. అమ్మమ్మగారూ, మీ అసలు వయసెంతండి?"

ఆదిలక్ష్మి నా వైపు తిరిగింది. "మా ఆయన్ని అడుగమ్మా. ఆయన పెద్దవారు, ఆయనకే తెలుసు."

నేను గబగబా గోడ మీది బోర్డు చదవడం మొదలుపెట్టాను. రోగి హక్కులట. తన జబ్బేమిటో, చేసే వైద్యమేమిటో తనకు అర్థమయ్యేలా తెలుసుకునే హక్కు. ఇంకో డాక్టరు అభిప్రాయం అడిగే హక్కు. రోగి మొగుడి పరువు గురించి మాత్రం పైనుంచి కింది దాకా ఎక్కడా లేదు.

తిరుగు ప్రయాణంలో రైలెక్కేటప్పుడు ఆవిడ కమ్మీ పట్టుకుని ఒక కాలు మెట్టు మీద పెట్టింది. రెండో కాలు పైకి రాలేదు. వెనక జనం కేకలు. నేను నడుం పట్టుకుని పైకి నెట్టాను. కళ్ళ నిండా నీళ్ళు పెట్టుకుని కూడా ఆవిడ, "మీ నడుం జాగ్రత్తండీ" అంది. నాకు సిగ్గేసింది. నిడుబ్రోలు దాటేదాకా ఆవిడ మొహం చూడలేకపోయాను.

మర్నాడు పేకాటకని చెప్పి రేపల్లెలో ఆవిడ పుట్టింటికి వెళ్ళాను. బావమరిది భార్య కాంతమ్మ నన్ను చూడగానే లోపలికి వెళ్ళి, పుట్టినతేదీ, మార్కులు ఉండే ఆదిలక్ష్మి ఎస్సెల్సీ పుస్తకం తెచ్చి చేతిలో పెట్టింది. నేనింకా అడగనే లేదు.

"పొద్దున్నే వదినగారు ఫోన్ చేశారండి అన్నయ్యగారూ. పేకాటకని చెప్పి ఇటే వస్తారు, పుస్తకం ఇచ్చి పంపించు, కాఫీలో పంచదార వెయ్యకు అన్నారు."

రైల్లో పుస్తకం తెరిచాను. పుట్టిన సంవత్సరం పందొమ్మిది వందల యాభై రెండు. లెక్కల్లో ఎనభై ఒకటి. నాకు లెక్కలు మూడుసార్లు పోయాయి.

ఆవిణ్ణి తీసుకుని వెళ్ళేసరికి బాపట్ల ఆధార్ కేంద్రంలో సగం ఊరు ఉంది. ఫోన్ నంబరు మార్చుకోవడానికి వచ్చిన జమలయ్య ముందు వరసలోనే ఉన్నాడు. కంప్యూటర్ ముందు కూర్చున్న ఆయన పుస్తకం చూసి గట్టిగా అడిగాడు. "ఏడేళ్ళు తేడా ఉందేంటండీ? అప్పుడు ఈ వయసు చెప్పిందెవరు?"

నేను కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాను.

"నేనే తప్పు చెప్పాన్లే బాబూ, మతిమరుపు మనిషిని" అంది ఆదిలక్ష్మి.

లెక్కల్లో ఎనభై ఒకటి తెచ్చుకున్న మనిషి. ఆ మాట నేను భరించలేకపోయాను.

"కాదండి. నేనే చెప్పాను. మా ఆవిడ నాకంటే రెండేళ్ళు పెద్దది. ఆ సంగతి నాకు నలభై ఏడేళ్ళుగా తెలుసు."

జమలయ్య మెల్లగా లేచి నా చెవి దగ్గరికొచ్చాడు. "మా ఆవిడ మూడేళ్ళు పెద్దది బావా. నువ్వు నవ్వుతావని ఇన్నాళ్ళూ చెప్పలేదు." ఫోన్ నంబరు మాట మరిచిపోయి, తన భార్య వయసు కూడా దిద్దిద్దామని ఆవిణ్ణి తీసుకురావడానికి ఇంటికి పరిగెత్తాడు.

ఆధార్ మారింది, కార్డు వచ్చింది. మళ్ళీ తెనాలి వెళ్ళాం. డాక్టరు ఎక్స్‌రే పైకెత్తి, నా వైపు తిరిగి, "చూడండి పెద్దాయనా, ఈవిడకి..." అని మొదలుపెట్టాడు.

"డాక్టరుగారూ, మోకాలు నాదండి" అంది ఆదిలక్ష్మి. "నాకు చెప్పండి. బయట బోర్డు మీద మీరే రాశారుగా."

డాక్టరు కుర్చీ ఆవిడ వైపు తిప్పుకున్నాడు. అలవాటైన నోరు ఊరుకోదు కదా. "నీకేం తెలుసే..." అన్నాను. అక్కడితో ఆగిపోయాను. తరవాతి ముక్క ఇంక నాది కాదు.

ఆవిడ తన సంచి నా ఒళ్ళో పెట్టింది. "మీరు కాసేపు బయట కూర్చోండి. చిన్నవాళ్ళు, మీకేం తెలుసు?"

సంచి పట్టుకుని బయట కూర్చున్నాను. తలుపు వెయ్యలేదు. ఆవిడ ఒక్కొక్కటే అడుగుతోంది. ఎన్నాళ్ళు మంచం మీద ఉండాలి, ఎప్పుడు నడవచ్చు, ఏం తినచ్చు. ఆఖరికి అడిగింది.

"రైలు మెట్లు నా అంతట నేనే ఎక్కగలనాండీ? మా ఆయన నడుం అంత మంచిది కాదు."