పది నిమిషాల తాత

శిశు సంరక్షణ కార్యాలయం వాళ్ళు నాకు పది నిమిషాలిచ్చారు. ఆలోపు మనవరాలు నాకు మాలిమి అయితే నాతో పంపే సంగతి ఆలోచిస్తారట. లేకపోతే ఎవరో దంపతులకు పెంపకానికి ఇచ్చేస్తారట. నా కూతురూ అల్లుడూ కారు ప్రమాదంలో పోయి మూడు వారాలైంది. నాలుగేళ్ళ పిల్లకు వాళ్ళ నాన్న భాష స్పానిష్ తప్ప మరొకటి రాదు. నాకు అందులో ఒక్క ముక్క రాదు. ఫోన్‌లో నేను కనిపించినప్పుడల్లా అది తల్లి వెనక దాక్కునేది.

నా భార్య తమ్ముడు పదిహేనేళ్ళు ఓడల్లో వంట చేశాడు. తోటి వంటవాళ్ళ వల్ల అతనికి ఆ భాష పట్టుబడింది. నా భార్య పోయాక కూడా ఆదివారాలు మా ఇంటికి రావడం మానలేదు. ఇప్పుడు నాలుగు రోజులుగా మా వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ నాకు పాఠం చెబుతున్నాడు.

"తాతంటే అబ్వేలో. అను."

"అబ్వేలో."

"గొంతు పిసికినట్టు కాదు బావా. పిల్ల జడుసుకుంటుంది."

"సరే. పెదనాన్న?"

"తీయో."

"బాబాయి?"

"తీయోనే. మేనమామ కూడా తీయోనే, ఇక అడక్కు."

"అందరినీ ఒకే గాటన కట్టేస్తే ఎలారా? పెళ్ళిలో ఎవరు ఎటువైపో ఎలా తెలుస్తుంది?"

"నీ చుట్టాల జాబితా అదేం అడగదులే."

"వియ్యపురాలికైనా మాటుందా?"

"ఉంది. కోన్‌స్వేగ్రా."

ఎందుకో ప్రాణం కాస్త కుదుటపడింది. వియ్యపురాలికంటూ ఒక మాట ఉంచుకున్నవాళ్ళు మరీ పరాయివాళ్ళు కారనిపించింది. అటువైపు మిగిలింది ఆవిడొక్కతే. మంచం పట్టి ఉంది.

కార్యాలయంలో ఆ గది చిన్నది. ఒక మూల అధికారిణి, ఆమె పక్కన స్పానిష్ దుబాసీగా ఒక అమ్మాయి. మనవరాలు నేలమీద కూర్చుని నీలం రంగు ముక్కతో ఏదో గీస్తోంది. నేనూ నేలమీదే కూర్చున్నాను.

"సోయ్ తు అబ్వేలో," అన్నాను. నేను మీ తాతను.

ఒకసారి చూసి మళ్ళీ గీసుకుంది.

"ఎల్ పాపా దె తు మమా." మీ అమ్మకు నాన్నను.

దాని చెయ్యి ఆగిపోయింది. గడ్డం వణికింది. అంతే, నేర్చుకున్న వాక్యాలన్నీ ఎగిరిపోయాయి. ఏడవబోయే ఆడపిల్లను మన ఇళ్ళల్లో ఎలా బుజ్జగిస్తామో అదే నోటికొచ్చింది. అమ్మా, ఏడవకమ్మా. ఆ పిలుపును కూడా దాని భాషలోకి మార్చే బుద్ధి నాకెందుకు పుట్టిందో తెలియదు.

"మమా," అన్నాను చేతులు చాపి. "మమా, మమా."

పిల్ల గిరుక్కున తలుపువైపు తిరిగింది. పరుగెత్తి వెళ్ళి గడియ అందక, అరచేతులతో తలుపు బాదుతూ తల్లిని పిలిచింది.

"ఏమన్నారు మీరు?" అంది అధికారిణి.

"మా ఇళ్ళల్లో ఆడపిల్లను అమ్మా అనే పిలుస్తామండీ, ముద్దుకి."

"వాళ్ళమ్మ వచ్చిందనుకుంది."

"మీ కాళ్ళు పట్టుకుంటాను. ఇది రాసుకోకండి."

దుబాసీ అమ్మాయి తల వంచుకునే ఉంది. "మా బామ్మ కూడా నన్ను ముద్దుకి మామీ, అంటే అమ్మా, అనేదండీ," అంది మెల్లగా. ఆమెను ఎవరూ అడగలేదు. అధికారిణి కలం మాత్రం కదల్లేదు.

బాది బాది పిల్ల తలుపు దగ్గరే కూలబడింది. నేను వెళ్ళి మూరెడు దూరంలో కూర్చున్నాను. కాసేపటికి నన్నేదో అడిగింది.

"మీరు కూడా అమ్మ కోసమే చూస్తున్నారా అంటోంది," అంది దుబాసీ.

"దానికి ఎవరూ చెప్పలేదా?"

"ప్రస్తుతం పిల్లను చూసుకుంటున్నావిడ మేం చెప్పామనుకుంది. మేం ఆవిడ చెప్పిందనుకున్నాం," అంది అధికారిణి.

"సీ," అన్నాను పిల్లతో. అవునని. అది అబద్ధం కాదు.

పిల్ల కొంచెం జరిగి, తలుపు దగ్గర నాకు చోటిచ్చింది.

పది నిమిషాలూ ఎప్పుడో దాటిపోయాయి. అధికారిణి గడియారం చూసి కూడా కాసేపు ఊరుకుంది. తర్వాత, "గురువారం ఇంకో పది నిమిషాలు ఇస్తాను. అప్పుడు పాపకు వాళ్ళమ్మ సంగతి చెప్పాలి. మీరే చెప్పి, ఆ తర్వాత పాపను ఓదార్చగలరేమో చూస్తాను," అంది.

వరండాలో బావమరిది లేచి నిలబడ్డాడు. "ఏమన్నారు బావా?"

చెప్పాను. "ఇంకో మాట నేర్పాలిరా. మీ అమ్మ ఇక రాదని ఎలా చెప్పాలో."

"మాటలొచ్చు బావా. నాలుగేళ్ళ పిల్లకి చెప్పడం రాదు."

"నాకది తెలుగులోనూ రాదు," అన్నాను.